తాడు బుట్ట ఇంట్ల కుట్టుకుంటె అగ్గువనా, కొంటె అగ్గువనా?

పాలమూరు_పూలతోట
మహబూబ్‌నగర్‌ల ఒక మాల్‌ల తెల్ల కాటన్ తాడు బుట్ట ఉన్నది. గుండ్రంగ, అడుగు 20 సెం.మీ. వెడల్పు, ఎత్తు 15. స్టిక్కర్ మీద రూ. 349. చూస్తే తాడును చుట్టి జిగ్‌జాగ్ కొట్టినట్టే ఉన్నది, వేరే పనితనం ఏం కనపడలే. కానీ అదే తాడు ఆన్‌లైన్‌ల మీటర్ 12 రూపాయలు చెప్తున్నరు. ఒక బుట్టకు ఎన్ని మీటర్లు పడుతయి? ఇంట్ల పెట్టుకోను ఒకటి కావాలె, గృహప్రవేశానికి వచ్చేటోళ్లకు ఇయ్యనీకి చిన్నవి 25 కావాలె. కుట్టుకుంటె గిడుతదా?

అగ్గువ_బేరం
కొనుడే నయం. మీటర్ 12 పెట్టి తాడు కొంటె బుట్ట తయారయ్యేలోపు పర్సు ఖాళీ.

మిర్యాలగూడ_రైస్‌ప్లేట్
పర్సు ఖాళీ అయితె ఏమాయె, బుట్ట ఉంటది కదా, ఉన్న చిల్లర అండ్ల వేసుకోవచ్చు.

లెక్కల_సారు
అంచనాలెందుకు, తాడు పొడవు లెక్క కట్టొచ్చు. చుట్టలు పక్కపక్కనే అంటుకొని ఉంటాయి కాబట్టి బుట్ట మొత్తం వైశాల్యాన్ని తాడు మందంతో భాగిస్తే పొడవు వస్తుంది.

మీరు చెప్పిన బుట్టకు: అడుగు వైశాల్యం 3.14 × 10 × 10 = 314. గోడ 3.14 × 20 × 15 = 942. రెండూ కలిపి 1256 చదరపు సెం.మీ. తాడు 6 మి.మీ. అయితే 1256 ÷ 0.6 = 2093 సెం.మీ., అంటే 21 మీటర్లు. 8 మి.మీ. తాడైతే 15.7 మీటర్లు. 10 మి.మీ. అయితే 12.6.

చేతిపిడులు, మొదట్లో చివర్లో కోతలు కలిపి పదోవంతు ఎక్కువ పట్టుకోండి. మీటరు 12 చొప్పున 21 మీటర్లకు 252. దారం వేరు. ఆ లెక్కన కొనడానికీ కుట్టడానికీ పెద్ద తేడా ఉండదు.

మిర్యాలగూడ_రైస్‌ప్లేట్
బుట్టల కూడ 3.14, అదే π (పై), వచ్చిందంటె సారు రిటైర్ అయినట్టు లేరు.

పీకో_ఫాల్_నల్గొండ
సారు లెక్క కరెక్టే గని తాడును మీటర్ల కొనుడే తప్పు. తాళ్ల దుకాణంల కిలోల అడగాలె. 6 మి.మీ. అల్లిక కాటన్ తాడు మీటరుకు దగ్గరదగ్గర 20 గ్రాములు తూగుతది. నమ్మకం లేకపోతె 10 మీటర్లు కొలిచి తక్కెట్ల పెట్టి చూడున్రి. 21 మీటర్లు అంటె 420 గ్రాములు. లెక్క కోసం కిలో 300 అనుకుంటె తాడుకు 126 రూపాయలే. అంటె మీటరుకు 6. క్రాఫ్ట్ సామాన్ల పేరు మీద చిన్న ప్యాకెట్ల అమ్మేదాంట్ల సగం ధర ప్యాకింగుకు, ఫొటోకే.

అగ్గువ_బేరం
కిలోల తాడు మన దగ్గర ఎక్కడ దొరుకుతది? హైదరాబాద్‌ల బేగంబజార్ దాకా పోవాలె. పాలమూరు నుంచి గానీ నల్గొండ నుంచి గానీ వంద కిలోమీటర్ల చిల్లర. ఒక్క బుట్ట కోసం రానుపోను చార్జీ వేస్తె బుట్ట వెండి బుట్ట అయితది.

పీకో_ఫాల్_నల్గొండ
ఒక్క బుట్టకు పోవుడెందుకు. ఐదు కిలోల చుట్ట ఫోన్ల చెప్పి ఆర్టీసీ కార్గోల వేపిచ్చుకోవచ్చు. వేపిచ్చే ముందు మూడు సంగతులు అడగాలె. ఒకటి, అల్లిన తాడా, పురి తిప్పిన మూడు పాయల తాడా. పురి తాడు చుట్టేటప్పుడు విప్పుకుంటది, సూది ఒక పాయనే పట్టి పక్కదాన్ని వదిలేస్తది. కుట్టనీకి అల్లిక తాడే కావాలె. రెండు, లోపల ఏముంది. పైన కాటన్ అల్లి లోపల పాలిస్టర్ వేస్టు నింపేవి మస్తు ఉన్నయి. మూడు, చుట్టల మధ్యల ముడులు ఉన్నయా. ముడి ఉన్నకాడ కోసి మళ్ల అతకాలె, అతుకు బుట్ట మీద గడ్డ లెక్క కనపడ్తది.

వనపర్తి_వాన
లోపల పాలిస్టర్ ఉందో లేదో కొసను అగ్గిపుల్లతో అంటిస్తే తెలుస్తుంది. కాటన్ కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్, ప్లాస్టిక్ రకాలైతే కరిగి నల్లటి గట్టి పూసలా ముద్దకడతాయి. పైపొరను విప్పి లోపలి దారాన్ని విడిగా కాల్చాలి, రెండూ కలిపి కాలిస్తే ఏదేదో తెలియదు.

పాలమూరు_పూలతోట
ఇంట్ల ఉన్నది కాలు మిషన్, నల్లది, పాతది. దాని మీద అయితదా?

పీకో_ఫాల్_నల్గొండ
కాదు. పాత నల్ల మిషన్‌కు నేరు కుట్టు ఒక్కటే. తాడు బుట్టకు సూది ఎడమకు కుడికి ఆడాలె, ఒక పోటు లోపలి చుట్టల, ఒక పోటు కొత్త తాడుల పడాలె. నేరు కుట్టు రెండు తాళ్ల మధ్య సందుల పోతది, ఏదీ పట్టదు.

జిగ్‌జాగ్ మిషన్ అయితె వెడల్పు 5, కుట్టు పొడవు 2.5 పెట్టాలె. సూది 16 నంబర్, తాడు గట్టిగుంటె 18. దారం పాలిస్టర్, కాటన్ దారం రాపిడికి తెగుతది. సూది కింద ప్లేట్ కూడ జిగ్‌జాగ్‌ది ఉండాలె, ఒక్క చిన్న రంధ్రం ఉన్న నేరు ప్లేట్ మీద జిగ్‌జాగ్ కొడితె మొదటి పోటుకే సూది విరిగి కంటికి వస్తది.

8 దాటిన తాడు ఇంటి మిషన్ల చానా వాటికి పాదం కింద దూరదు. దూరినా పాదం ఎత్తుల ఉండి కుట్టు వదులైతది.

గద్వాల_జరీ
మిషన్ లేనోళ్లు పీకో షాపుల ఇయ్యొచ్చు కదా? ప్రతి ఊర్ల ఉన్నయి.

పీకో_ఫాల్_నల్గొండ
ఇయ్యొచ్చు, తీసుకుంటరా అనేది వాళ్ల ఇష్టం. చీర అంచు కొడితె నిమిషాలల్ల పని, పైసలు చేతికొస్తయి. తాడు బుట్టకు గంట పైన మిషన్ ఆగుతది, పైగా నూలు పొట్టు బాబిన్ కేసుల నిండి తర్వాతి చీరకు దారం పోగులు పడ్తయి. అందుకే వద్దంటరు. మధ్యాహ్నం గిరాకి లేని టైమ్‌ల అడగాలె, గంటల లెక్కన మాట్లాడుకోవాలె, బుట్ట లెక్కన కాదు.

దబ్బనం
మిషన్ లేకున్నా పని ఆగదు. గోనెసంచులు కుట్టే దబ్బనం, సన్న సుత్లి ఉంటే చాలు. జనపనార తాడు 10 మి.మీ.ది తీసుకోండి, దీనికి పురి తాడైనా పర్వాలేదు, చేతికుట్టు పాయల మధ్య నుంచి పోనిస్తం కాబట్టి ఇంకా గట్టిగ పడుతుంది.

పద్ధతి ఇది. కొసను ఏటవాలుగ కోసి సుత్లితో గట్టిగ చుట్టాలె, లేకపోతే పీచు ఊడుతూనే ఉంటుంది. రూపాయి బిళ్ల అంత చుట్ట చేసి అడ్డంగ రెండు మూడు పోట్లు వేసి బిగించాలె. తర్వాత కొత్త చుట్టను పట్టుకొని, కింది చుట్ట సగం మందం గుచ్చి, సుత్లిని పైనుంచి తిప్పి లాగాలె. పోటుకు పోటుకు 1.2 సెం.మీ. ఉండాలె. రెండు సెం.మీ. చేస్తే తొందరగ అవుతుంది గానీ బరువు పెట్టినప్పుడు చుట్టల మధ్య సందు తెరుచుకుంటుంది.

సారు లెక్క ప్రకారం 12.6 మీటర్లకు 1050 పోట్లు. పోటుకు పది సెకన్లు వేసుకున్నా మూడు గంటలకు కొంచెం తక్కువ. అదే 6 మి.మీ. తాడును చేత్తో కుడితే 21 మీటర్లకు 1750 పోట్లు, ఐదు గంటలు. చేతికుట్టుకు సన్న తాడు ఎప్పుడూ తీసుకోవద్దు.

అగ్గువ_బేరం
మూడు గంటలు! ఆ మూడు గంటలు కూలికి పోతె బుట్ట కొనుక్కొని బిర్యానీ కూడ తినొచ్చు.

గద్వాల_జరీ
సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఎవలు కూలికి పిలుస్తరు? టీవీ ముందట కూసొని చేసే పనికి కూలి లెక్క వేస్తె ఇంట్ల వంటకు కూడ బిల్లు కొట్టాలె.

అగ్గువ_బేరం
కొట్టాలె మరి. ఎవలూ కొడ్తలేరు కాబట్టే అగ్గువ అనుకుంటున్నరు.

సంఘం_లీడర్
ఇంటి కోసం ఒకటి చేసుకునేవాళ్లకు కూలి లెక్క అక్కర్లేదు, అమ్మేవాళ్లకు కచ్చితంగా కావాలి. రెండూ కలిపి మాట్లాడితే తేలదు. మా మహిళా సంఘంలో ధర కట్టే పద్ధతి చెప్తాను, అంకెలు మీ దగ్గరి రేట్లతో మార్చుకోండి.

మిషన్ మీద 6 మి.మీ. కాటన్ బుట్ట: తాడు 126. దారం, సూది అరుగుదల, పన్నెండు పదిహేను శాతం కోత నష్టం అన్నీ కలిపి 150 దాకా. సమయం: 21 మీటర్లను 2.5 మి.మీ. కుట్టుతో కొడితే 8400 కుట్లు. నిమిషానికి 300 వేగంతో ఆగకుండా పోతే 28 నిమిషాలు, కానీ ఎవరూ ఆగకుండా కుట్టలేరు. మొదలు పెట్టడం, బాబిన్ నింపడం, గోడ తిప్పడం కలిపి గంటన్నర. గంటకు 60 చొప్పున 90. మొత్తం 240.

చేతికుట్టు జనపనార బుట్ట: 10 మి.మీ. తాడు మీటరుకు 65 గ్రాముల చొప్పున 820 గ్రాములు. కిలో 140 అనుకుంటే 115. సుత్లి 10. మూడు గంటలకు 180. మొత్తం 305. సరుకు అగ్గువ, పని పిరం.

అమ్మేటప్పుడు షాపు వాళ్లు అమ్మకం ధరలో 30 శాతం ఉంచుకుంటారనుకోండి. 240 పడ్డ బుట్టను 350కి పెడితే చేతికి వచ్చేది 245. అంటే కూలి దక్కింది, లాభం ఐదు రూపాయలు.

మిర్యాలగూడ_రైస్‌ప్లేట్
ఐదు రూపాయలకు చాయ్ కూడ వస్తలేదక్కా ఇప్పుడు.

పాలమూరు_పూలతోట
మరి మాల్ వాడు 349కి ఎట్ల ఇస్తుండు? వాడికి కిరాయి, కరెంట్, సేల్స్ పిల్లల జీతాలు అన్నీ ఉన్నయి కదా.

వనపర్తి_వాన
సైజు ఒకటే కానీ సరుకు ఒకటి కాదు. వంటింటి తక్కెడ ఉంటే బుట్టను తూచండి, తాడు మందం స్కేలుతో చూడండి, లోపల చేయి పెట్టి గోడను నొక్కండి. దుకాణం బుట్టల్లో ఎక్కువ వాటికి తాడు మందంగా, ఉబ్బుగా, తేలిగ్గా ఉంటుంది. మందం పెరిగితే చుట్టలు తగ్గుతాయి, కుట్టు తగ్గుతుంది, చేసే టైమ్ తగ్గుతుంది. పైన సారు ఇచ్చిన లెక్కలో 6కీ 10కీ పొడవు ఎంత తేడా ఉందో చూడండి.

పాలమూరు_పూలతోట
వదిన వాళ్లింట్ల అదే బుట్ట ఉన్నది, తూచిన. 260 గ్రాములు. తాడు 8 మి.మీ. అడుగు భాగంల వేలాడే కొసను కాలిస్తె పైది బూడిదయింది, లోపలిది పూస కట్టింది.

లెక్కల_సారు
ఇప్పుడు సరిగ్గా పోల్చొచ్చు. 349 ÷ 260, అంటే వంద గ్రాములకు 134 రూపాయలు. ఇంటి బుట్ట సరుకు ఖర్చు 150, బరువు 420 గ్రాములు, వందకు 36. కూలి కలిపితే 240, వందకు 57. అగ్గువ బుట్ట కాదది, తేలిక బుట్ట.

అగ్గువ_బేరం
సార్, బుట్టను కిలోల లెక్క కొంటరా? టీవీ రిమోట్లు, ఛార్జర్లు వేసుకోను 260 గ్రాముల బుట్ట చాలు. బరువు ఎక్కువున్నంత మాత్రాన మంచిదనుకుంటె సిమెంట్ తొట్టి కొనుక్కోవాలె.

లెక్కల_సారు
ఒప్పుకుంటాను, రిమోట్లకు చాలు. కానీ ఉబ్బు తాడు గోడ కొన్నాళ్లకు నడుము వంచుతుంది. ఎత్తు 15 కాబట్టి నిలబడింది, అదే తాడుతో 35 సెం.మీ. బట్టల బుట్ట చేస్తే బట్టలు తీయగానే కూలబడుతుంది. పెద్ద బుట్టలకు వాళ్లు అంచులో ఇనుప తీగ పెడతారు, తడి తగిలితే తుప్పు మరక కాటన్ మీదికి దిగుతుంది.

గద్వాల_జరీ
జిగురు గన్‌తో అతికించి అమ్మేవి కూడ ఉన్నయి, వాటి సంగతి ఎవలూ చెప్తలేరు. కుట్టు కనపడకుండ నున్నగ ఉంటె జిగురే. ఆ వేడి జిగురు కడ్డీ రకం మే నెల ఎండల మూసిన కారులనో రేకుల గదిలనో పెడితె మెత్తబడి చుట్టలు జారుతయి. రామగుండం, నల్గొండ ఎండలల్ల చెప్పేదే లేదు. కొనేముందు రెండు చుట్టల మధ్య గోరు పెట్టి మెల్లగ విడదీసి చూడాలె, మెరిసే పొర కనపడితె వదిలెయ్.

మేదరి_బజారు
ఉల్లిగడ్డలకు, ఆలుగడ్డలకు తాడు బుట్ట ఏదైనా పనికిరాదు. కాటన్, జనపనార రెండూ తేమ పీల్చి పట్టుకుంటయి. అడుగున ఒక ఉల్లిగడ్డ కుళ్లిందంటె ఆ నీరు తాడుల దిగి బూజు పడ్తది. వెదురు గంపకు సందులు ఉంటయి, గాలి ఆడుతది, కడిగి ఎండల బోర్లేస్తె అయిపాయె. కూరగాయలకు వెదురు, బట్టలకు, పుస్తకాలకు తాడు.

వనపర్తి_వాన
కొబ్బరి పీచు తాడైతే తడికి తట్టుకుంటుంది, బావి మోకులకు అందుకే వాడేవాళ్లు. గరుకు చేతికి గుచ్చుతుంది, దబ్బనంతో గుచ్చడమూ కష్టం. పూలకుండీ తొడుగుకు బాగుంటుంది.

జనపనారకు ఇంకో సంగతి. మిల్లులో పీచును మెత్తబరచడానికి నూనె కలిపిన నీళ్లు చల్లుతారు, కొత్త తాడుకు కిరసనాయిలు లాంటి వాసన దానివల్లే. గాలి తగిలే చోట రెండు మూడు రోజులు ఆరబెట్టాక కుట్టండి. రొట్టెలు, స్వీట్లు అందులో నేరుగా పెట్టవద్దు, గుడ్డ వేయండి.

దబ్బనం
వైరు బుట్టల వాళ్లు ఇంకా రాలేదేంది ఈ చర్చలకు?

మిర్యాలగూడ_రైస్‌ప్లేట్
వైరు అయిపోయిందట, రెండో కట్ట కొననీకి పోయిన్రు.

పాలమూరు_పూలతోట
25 చిన్నవాటి సంగతి చెప్పున్రి. అడుగు 12, ఎత్తు 7 అనుకుంటున్న. ఆన్‌లైన్‌ల కొందామంటె డెలివరీ చార్జే సరుకంత చెప్తున్నరు.

లెక్కల_సారు
అడుగు 113, గోడ 264, మొత్తం 377. 6 మి.మీ. తాడుతో 6.3 మీటర్లు, 126 గ్రాములు. 25 బుట్టలకు 157 మీటర్లు, కోతలు కలిపి 173. అంటే మూడున్నర కిలోలు. కిలో 300 చొప్పున 1050, బుట్టకు 42.

దారం ఎంతో కూడా చూడండి. 5 వెడల్పు, 2.5 పొడవు జిగ్‌జాగ్‌లో ఒక్కో కుట్టు ఏటవాలు గీతే 5.6 మి.మీ., తాడు మందంలోకి దిగేది అదనం. పైదారం, కింది దారం కలిపితే తాడు పొడవుకు ఆరు రెట్లు. 157 మీటర్లకు 940 మీటర్ల పైనే. చిన్న రీళ్లు కొనకండి, ఒక కోన్ తీసుకోండి.

సంఘం_లీడర్
డెలివరీ ఎక్కువ ఎందుకంటే కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె కొలత కూడా చూస్తారు. పొడవు × వెడల్పు × ఎత్తు సెం.మీ.లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చిన కిలోలకు, అసలు బరువుకు ఏది ఎక్కువైతే దానికి చార్జీ. 20 × 20 × 15 పెట్టె 1.2 కిలోల కింద లెక్క, లోపల బుట్ట అరకిలో లేకపోయినా. అందుకే ఒకదాంట్లో ఒకటి దూరే మూడు సైజుల సెట్ అమ్మేవాళ్లకు గిడుతుంది, ఒక్క బుట్ట పంపేవాళ్లకు గిట్టదు. 25 ఒకే సైజు కావాలంటే గోడను కొంచెం బయటికి వాలుగా తిప్పితే ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టొచ్చు, మోసుకెళ్లడం సులువు.

అగ్గువ_బేరం
మరి చిన్నవి కుట్టుకోవాల్నా కొనాల్నా, ఒక్క మాటల చెప్పున్రి.

సంఘం_లీడర్
తాడు 42, దారం 5, అరగంట కూలి 30. మొత్తం 77. బేగంబజార్‌లో డజను ధర అడగండి. ఒక్కోటి 75 లోపు పడి, కాల్చి చూస్తే కాటన్ అయితే కొనేయండి. 100 దాటితే కుట్టుకోండి. మధ్యలో ఉంటే పన్నెండున్నర గంటల పని చేసే ఓపిక ఉందా అన్నదే ప్రశ్న.

పాలమూరు_పూలతోట
అడిగిన. 110 అంటున్నడు, 25 తీసుకుంటె 95. కుట్టుకుందామనే ఉన్నది. మా చెల్లె దగ్గర జిగ్‌జాగ్ మిషన్ ఉన్నది. ఎక్కడ ఖరాబ్ అయితదో ముందే చెప్పున్రి.

పీకో_ఫాల్_నల్గొండ
ఖరాబ్ అయ్యేకాడ చెప్తా, వరుసగ చదువు.

కొస కోసే ముందు సెలోటేప్ చుట్టి టేప్ మధ్యల కొయ్యి, లేకపోతె అల్లిక విప్పుకుంటది. మొదటి చుట్టకు గుండుసూది గుచ్చి అడ్డంగ ఇంటూ గుర్తు లెక్క రెండు కుట్లు వేసి మొదలుపెట్టు. మొదటి మూడు చుట్టలు మిషన్ చక్రం చేత్తో తిప్పుకుంట కుట్టు, సూది కిందికి దిగినప్పుడే పాదం ఎత్తి బిళ్లను (కుట్టిన చుట్టను) తిప్పు. బిళ్ల ఎప్పుడూ సూదికి ఎడమ దిక్కు, కొత్త తాడు కుడి నుంచి రావాలె. కుడి దిక్కు పెడితె బిళ్ల పెరిగినాక మిషన్ నడుముకు తగులుతది.

తాడును లాగొద్దు, తొయ్యొద్దు. లాగితె అడుగు గిన్నె లెక్క లేస్తది. తోస్తె అంచు అలలు అలలుగ వస్తది, బల్ల మీద నిలబడదు. అడుగు అయిపోయే దాకా ప్రతి రెండు చుట్టలకు బల్ల మీద పెట్టి అరచేత్తో నొక్కి చూడు. లేస్తుంటె అప్పుడే విప్పు, తర్వాత ఇస్త్రీతో సరిచేద్దామంటె కాదు.

గోడకు బిళ్లను ఎడమ చేత్తో మిషన్ దిక్కు నిలబెట్టి పట్టుకోవాలె. చేతి కోణం ఒకటే ఉంచు. సగంల చెయ్యి నొప్పి పెట్టి దించితె బుట్ట నోరు తెరుచుకుంటది. 25 ఒకే తీరు రావాలంటె అడుగు 12 కాగానే తాడు మీద పెన్నుతో గీత పెట్టు, గోడకు చుట్టలు లెక్కపెట్టు. 7 సెం.మీ.కు 6 మి.మీ. తాడు పన్నెండు చుట్టలు.

చివరి కొసను మూడు సెం.మీ. ఏటవాలుగ కోసి లోపలి దిక్కుకు ఒరిగించి ముందుకు వెనక్కు కుట్టు. తిన్నగ కోస్తె మెట్టు కనపడ్తది.

వనపర్తి_వాన
పన్నెండా, సారు లెక్క ప్రకారం 11.7 కదా.

పీకో_ఫాల్_నల్గొండ
పాయింట్ ఏడు చుట్ట ఎట్ల కుడ్తవో నువ్వే చెప్పు.

లెక్కల_సారు
పన్నెండే సరి.

పాలమూరు_పూలతోట
పసుపు బొట్టు, తమలపాకులు పెట్టి ఇస్తం. మరకైతే ఉతకొచ్చా?

గద్వాల_జరీ
పసుపు మరక కాటన్ మీద సబ్బు పెడితె ఎర్రగ అయితది, భయపడొద్దు, ఎండల ఆరేస్తె చానా వరకు తగ్గుతది. చల్లని నీళ్లల్ల ముంచి పిండకుండ ఒత్తాలె. పిండితె ఆకారం పోతది. తడి ఉండగనే సరిపోయే స్టీల్ గిన్నె లోపల పెట్టి ఆరబెట్టాలె, కాటన్ ముడుచుకుంటది కాబట్టి గిన్నె లేకపోతె ఒక పక్క లోపలికి పోతది. మీరు ఇచ్చేటప్పుడే లోపల అరిటాకు ముక్క పెడితె ఈ బాధ లేదు.

పీకో_ఫాల్_నల్గొండ
ఇంకొకటి. ప్రతి నాలుగైదు బుట్టలకు బాబిన్ కేస్ విప్పి బ్రష్‌తో పొట్టు దులుపు, షటిల్ కాడ ఒక చుక్క నూనె, తర్వాత పాత గుడ్డ మీద కాసేపు కుట్టి నూనె మరక పోయినాకనే తెల్ల తాడు పెట్టు. సూది ఎనిమిది పది బుట్టలకు మార్చు. టక్‌టక్ చప్పుడు వచ్చిందంటె మొన మొద్దుబారినట్టే. మిషన్ చెల్లెది కాబట్టి సూదుల ప్యాకెట్ నువ్వే కొనుక్కొని పో.

మిర్యాలగూడ_రైస్‌ప్లేట్
సూదుల ప్యాకెట్ ఖర్చు 77ల కలిపిన్రా అక్కా?

సంఘం_లీడర్
దారంతో పాటు ఐదు రూపాయల్లో ఉంది. మూడు సూదులకు సరిపోతుంది.